పటమునకు వెలుపల మిగిలినది

మనిషి ముఖము ఏ ఘడియలో ఆ మనిషిని విడిచి జెండాగా మారును? మా చింతాద్రిపేట రైలు స్టేషను మెట్లపై ఒక తెలుగు కుర్రవాని చొక్కా మీద చే గువేరా ముఖమును చూచి, అతడెవరని అడిగితిమి. "ఎవరో విప్లవవీరుడు తాతగారూ, పేరు గుర్తులేదు" అనెను.

ఆ ఛాయాచిత్రపు కథ వినదగినది. 1960 మార్చి 4న హవానా రేవులో ఓడ ప్రేలి పలువురు మరణించిరి. మరునాటి సంతాపసభలో కోర్డా అను ఛాయాగ్రాహకుడు దానిని తీసెను. అందు గువేరా ఒంటరి కాడు. ఒకప్రక్క మరియొక మనిషి, వేరొకప్రక్క తాటిజాతి చెట్టు మట్టలు కలవు. కోర్డా ఆ రెంటిని కత్తిరించెను. అతని పత్రిక నాడు దానిని ప్రచురింపలేదు. ఏండ్ల తరబడి అది అతని గోడకే వ్రేలాడెను. 1967 అక్టోబరులో బొలీవియాలో గువేరా చంపబడిన పిమ్మట వీధులకెక్కెను. ఆ ముఖమును జెండా చేసినది చావా, కత్తెరా? కత్తెరకే మేము ఎక్కువ పాలు ఇత్తుము. చుట్టునున్నదెల్ల తొలగిన ముఖమునకు ఎవరి కోరికనైనను తగిలింపవచ్చును. చొక్కాల వ్యాపారికిని అదియే సదుపాయము.

ఇక మన ఇంటి సంగతి. మన సంఘమందిరమున పొట్టి శ్రీరాములుగారి పటము కలదు. వారు 1901లో ఈ నగరముననే జన్మించి, 1952 డిసెంబరు 15న ఈ నగరముననే, బులుసు సాంబమూర్తిగారి ఇంట, 58 దినముల నిరశనముతో ప్రాణము విడిచిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము వచ్చినది. చెన్నపట్నము దానితో రాలేదు. ఇచట మిగిలిన మనకు ఆ పటము కొంత బరువే.

అయితే అదే శ్రీరాములుగారు 1946లో నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి ఆలయమున హరిజనులకు ప్రవేశము కలుగవలెనని నిరాహారదీక్ష పూనిరి. అస్పృశ్యత కూడదను అట్టలు తగిలించుకొని, కాళ్లకు చెప్పులు లేక, ఎండలో నెల్లూరు వీధులు తిరిగిరి. ఆ అట్టను పటమునుండి కత్తిరించినది మనమే. రాష్ట్రము కోరిన చావును అందరము మనదనుకొంటిమి; గుడితలుపు తెరువుడన్న మాటను మాత్రము నెల్లూరిలోనే విడిచి వచ్చితిమి. ఇందు మేమును దోషులమే. ఏండ్ల తరబడి వర్ధంతికి దండ తెచ్చినది మేమే. ఆ మాట ఒక్క ఉపన్యాసమునను ఎత్తలేదు.

కత్తిరింపనిదే జనము ఏ పటమును మోసికొని నడువదని మాకును తెలియును. ఒక బ్రతుకంతయు ఏ చట్రమున పట్టును? కాని కోర్డా తన ఫిల్మును పారవేయలేదు. ఆ రెండవ మనిషియు, ఆ మట్టలును నేటికిని అందు కలవు.

ఈ యేడు మూలపేట గుడి సంగతి రెండు పంక్తులలో వ్రాసి పటము అడుగున అతికించితిమి. "రాష్ట్రమునకును దీనికిని ఏమి సంబంధమండీ?" అని సభ్యులొకరు అడిగిరి. దండ వేయగానే కాగితము కనబడకపోయెను. కుర్చీ తెప్పించుకొని ఎక్కి, దండను కొంచెము పైకి జరిపితిమి.