రేపటికి మార్చకూడని పద్దు

హైదరాబాద్ పత్తర్‌గట్టీలో ఒక ముత్యాల దుకాణంలో ముప్పై నాలుగేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. ఇల్లు గౌలిపురా. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక దుకాణం లెక్కలన్నీ ట్యాలీలోకి పోయాయి. ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడుగు చిట్టా పుస్తకాలు కొన్ని మిగిలిపోతే ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పుడు వాటిలో నా సొంత పద్దులు రాసుకుంటాను. పాలవాడికి ఎంత, గ్యాసు ఎప్పుడొచ్చింది, ఎవరికి ఏం మాటిచ్చాను, అంతే.

ఆ పుస్తకం చూసి మా అమ్మాయికి నవ్వు. ఒకరోజు నా ఫోను లాక్కుని, "నాన్నా, నీకు నోట్స్ యాప్ పెట్టనా, టు-డూ యాప్ పెట్టనా?" అంది. తేడా ఏమిటన్నాను. "ఒకదాంట్లో గుర్తుంచుకోవాల్సినవి, ఇంకోదాంట్లో చేయాల్సినవి." రెండూ పెట్టెయ్యమన్నాను. "రెండూ అన్నవాళ్లు ఒక్కటీ వాడరు" అంటూనే, గుర్తుంచుకోవడానికి గూగుల్ కీప్, పనులకు ఇంకేదో పెట్టి కాలేజీకి వెళ్లిపోయింది.

మా పనిలో ఈ ప్రశ్న ఎవరూ అడగరు. చిట్టా తేదీవారీగా నడుస్తుంది, ఆవర్జా పేరువారీగా. ట్యాలీ రాకముందు, పొద్దున్నుంచీ జరిగింది జరిగినట్టు చిట్టాలో పడేది. సాయంత్రం షట్టరు సగం దించి, ఒక్కో పద్దునూ ఆవర్జాలో ఆ మనిషి పేజీకి ఎక్కించేవాళ్లం. రోజంతా డబ్బుగా కనిపించింది ఆ గంటలో మనుషులుగా మారేది. 1494లో వెనిస్‌లో జంట పద్దు విధానం గురించి అచ్చువేసిన లూకా పాచోలీ కూడా ఒక్క పుస్తకంతో సరిపెట్టలేదు, మూడు పెట్టుకోమన్నాడు. ఆయన ఫ్రాన్సిస్కన్ సన్యాసి. లెక్కల పుస్తకం దేవుడి పేరుతో మొదలుపెట్టమన్నాడు. మా చిట్టాలకూ మొదటి పేజీలో శ్రీకారం, నాలుగు మూలలా పసుపు.

లెక్కలు రాసే దేవుడికి గుడి ఉన్న ఊరు మాది. కందికల్ గేటు దగ్గర చిత్రగుప్తుడి గుడి ఉంది. చిత్రగుప్తుణ్ణి తమ మూలపురుషుడిగా చెప్పుకునే కాయస్థులు యమ ద్వితీయ నాడు కలానికీ సిరాబుడ్డికీ పూజ చేస్తారు. నిజాంల దఫ్తరాల్లో కలం పట్టినవాళ్లలో వాళ్ల పేరు పెద్దది. ఆ రోజే భగినీహస్త భోజనం. ఉప్పుగూడలో మా అక్క ఇంటికి వెళ్తూ ఆ గుడి ముందు ఆగుతాను. నా వృత్తివాడే కదా, ఒక దండం పెడతాను.

ఈసారి దండం పెడుతుంటే మా అమ్మాయి ప్రశ్న గుర్తొచ్చింది. ఈయన చేతిలో ఉన్నది ఏ పుస్తకం? చేసినవి రాసేదా, చేస్తామన్నవి కూడా రాసేదా? మన పూజల్లో ముందు సంకల్పం చెప్పుకుంటాం: ఏ దేశం, ఏ తిథి, ఏ గోత్రం, ఏ పని. చేయబోయే పనికి అంత పక్కా చిరునామా ఏ యాప్‌లోనూ ఉండదు. చివర్లో తప్పిపోయిన మంత్రానికీ లోపించిన క్రియకూ క్షమాపణ అడుగుతాం. మరి సంకల్పం చెప్పుకుని పీట మీద నుంచి లేచిపోయినవాడి పద్దు ఎక్కడ పడుతుంది?

నాకు ఈ అనుమానం ఊరికే రాలేదు. షాలిబండ నుంచి ఒక ఆపా, అంటే అక్క, వస్తుంది, మా దుకాణానికి ముత్యాలు గుచ్చి ఇస్తుంది. దండకింత అని కూలి. ఒక గురువారం నా లెక్కలో ఆరు దండలు జారిపోయాయి. 240 రూపాయలు. పొరపాటు నాది కాబట్టి నా జేబులోంచే ఇవ్వాలనుకున్నాను. కొత్త యాప్ కదా, ముచ్చటగా అందులో కొట్టాను: "ఆపాకు 240." ఆమె వచ్చిన రోజు చిల్లర లేదు, ఇంకోరోజు గిరాకీ, మరోరోజు మరిచాను. ప్రతి సాయంత్రం ఆ వాక్యం ఎర్రగా మారేది. పక్కనే "రేపటికి మార్చు" అని ఒక మీట. నొక్కగానే ఎరుపు పోయేది, నా మనసూ తేలికయ్యేది.

తొంభైల్లో మన గోడల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాసేవాళ్లు గుర్తుందా? రాత్రి దయ్యం తలుపు తట్టడానికి వచ్చి, అది చదివి వెనక్కి పోతుందట. మర్నాడు వస్తే మళ్లీ అదే రాత. ఆ మీట చేసేదీ అదే. కాకపోతే నా తలుపు దగ్గర నిలబడ్డది దయ్యం కాదు, ఒకామె కూలి.

చిట్టాలో అయితే మిగిలిపోయిన పద్దును మర్నాటి పేజీ మీద మళ్లీ చేత్తో రాయాలి. అదే పేరు, అదే అంకె. మూడు రోజులు రాస్తే నాలుగో రోజు చేతికి సిగ్గేస్తుంది. ఆ సిగ్గే మా చేత పనిచేయించేది. వేలి కొసతో నొక్కేదానికి అంత సిగ్గు ఉండదు.

పక్క అత్తరు దుకాణం చాచాను అడిగాను, చేద్దామనుకుని చేయని పనికి పద్దు మీ దగ్గర ఎలా అని. భుజాల మీద ఇద్దరు ఫరిష్తాలు కూర్చుని రాస్తుంటారని చెప్పాడు, కిరామన్ కాతిబీన్. మంచి చేద్దామనుకుని చేయలేకపోతే ఒక పుణ్యం రాస్తారట, చేస్తే కనీసం పది. హదీసులో మాట. నాకు ప్రాణం లేచొచ్చింది. "అయితే ఆపా పద్దు మీద రోజుకో పుణ్యం పడుతున్నట్టే కదా చాచా!" అన్నాను. సీసా మూత బిగిస్తున్నవాడల్లా ఆగాడు. "అది చేయలేకపోయినవాడికి మునీమ్ సాబ్. మీరు చేయలేక ఆపారా? ఇంకోటి, అది ఆమె హక్కు. మనిషికి మనిషి బాకీ పడితే పైవాడి దగ్గర మాఫీ దొరకదు. ఆమే ఇవ్వాలి."

ఇరవయ్యో రోజు షాలిబండకు నడిచి వెళ్లాను. ఆపా నోట్లు చేతిలోకి తీసుకుని, లోపలికి వెళ్లి ఒక క్యాలెండరు కాగితం తెచ్చింది. వెనకవైపు వారాలవారీగా నిలువు గీతలు, దండకో గీత. ఆ గురువారం దగ్గర ఆరు గీతలు విడిగా ఉన్నాయి. వాటి మీద అడ్డంగా ఒక గీత. "ఇది ఎప్పుడో మాఫ్ చేసేశాను భాయ్" అంది. నేను మరిచిపోలేదనీ, రోజూ రాసుకున్నాననీ చెప్పబోయి నోరు మూసుకున్నాను. రోజూ రాసుకుని కూడా ఇవ్వలేదంటే అది ఇంకా పెద్ద నేరం కదా.

మెట్లు దిగుతూ యాప్‌లో టిక్కు పెట్టాను. చిన్న గంట మోగి వాక్యం మాయమైంది. దాంతోపాటే నా పందొమ్మిది వాయిదాలూ మాయమయ్యాయి. చూసినవాళ్లకు నేను చెప్పిన పని చేసిన మనిషిని, అంతే. అక్కడ నాకు మా అమ్మాయి ప్రశ్నకు జవాబు దొరికింది. టు-డూ తోస్తుంది కానీ మరిచిపోతుంది. నోట్సు గుర్తుంచుకుంటుంది కానీ తోయదు. రెండింటి మధ్య షట్టరు సగం దించిన ఆ గంట ఉండాలి, ఏది ఎవరి పేజీకి ఎక్కాలో చూసుకునే గంట. ఆ గంట ఏ యాప్‌లోనూ లేదు. అది మనం కూర్చోవాల్సింది.

ఆ రాత్రి చిట్టా తీశాను. ఆమె మాఫ్ చేశాక ఇచ్చిన డబ్బును ఏ పద్దు కింద రాయాలి? బాకీ అందామంటే ఆమె కాగితంలో అది లేదు. దానం అందామంటే అబద్ధం, ఆమె చేతిలోది ఆమెకిచ్చి దాత అనిపించుకోవడం. చాలాసేపు కలం పట్టుకుని, బాకీ కిందే రాశాను. వదులుకోవడం ఆమె పుస్తకంలో పద్దు, తీర్చడం నా పుస్తకంలో పద్దు. ఒకరి గీతతో ఇంకొకరి పుస్తకం మూతపడదు. పక్కన "ఆలస్యం 19 రోజులు" అని కూడా రాశాను. ఆ మాటకు రూపాయల్లో అంకె లేదు, మొత్తంలో కలవదు, అయినా రాశాను.

తెల్లారి మా అమ్మాయిని అడిగాను, రెండు యాపులూ ఉంచి ఆ రేపటి మీట ఒక్కటి తీసేయడం వీలవుతుందా అని.

"అది తీయడం రాదు నాన్నా."

పుస్తకం ఫోను పక్కన పెట్టి, పని మీద బయల్దేరాను.