పాత లారీ – తీరని ఖాతా



ఈ యేటి సంచికకు ఏదైనా ధర్మవిషయము వ్రాసి పంపవలసినదని మన సంఘ పెద్దలు కోరినారు. నేను పండితుడను కాను. హైస్కూలు చదువు ముగించి ఆండర్సన్‌పేట అంగడిలో గల్లాపెట్టె ముందు కూర్చున్నవాడను. ఆగమములను సాధుసాధ్వుల నోట విన్నంత మాత్రమే ఎరుగుదును. అందుచేత శాస్త్రచర్చకు ఎక్కువ పోక, మా ఇంటి వెనుక రేకుల కొట్టములో ఒక పాత లారీని బాగుచేయుచు నేను తెలుసుకొన్న సంగతి ఒకటి మీ ముందు ఉంచుచున్నాను. తప్పులున్న మన్నించగలరు.

ఆ లారీని మా నాయనగారు 1966లో కొన్నారు. టాటావారు 1954లో జర్మనీ బెంజి కంపెనీతో ఒప్పందము చేసుకొని జంషెడ్‌పూరులో తయారుచేసిన బండ్లలో అది ఒకటి. మూతిమీద మూడు కోణముల చుక్క ఉండేది. 1969లో ఒప్పందము ముగిసి ఆ చుక్క పోయినది గాని, మన ప్రాంతములో జనులు చాలకాలము దానిని బెంజి లారీ అనే పిలిచినారు. ఆ రోజులలో కంపెనీనుండి చట్రము, ఇంజను, ముందు మూతి మాత్రమే వచ్చేవి. డ్రైవరు గదిని, వెనుక తొట్టిని మన వడ్రంగులే కొయ్యతో కట్టేవారు. చిత్తూరు బెల్లము, పుంగనూరు చింతపండు, ముళబాగిలు, వి.కోట వైపు ధాన్యము ఆ బండిలోనే మా అంగడికి వచ్చేవి. గనులు నడుచుచున్న కాలమది. ఇన్ని వేలమంది తినవలసిన గింజలు బయటినుండి రావలసినదే.

శ్రావకులు విడువవలసిన పదిహేను కర్మాదానములలో బండ్లు చేయించి అమ్ముట, బండ్లను బాడుగకు త్రిప్పుట కూడ చేరియున్నవని మీరెరుగుదురు. నాయనగారికి ఈ సంగతి మనసులో ముల్లువలె ఉండేది. అందుచేత సారాయి, మాంసము, తోళ్లు బండిలో ఎక్కించరాదని కట్టడి పెట్టుకొన్నారు. సొంత సరుకు లేనినాడు బాడుగ వచ్చినా, అడిగినవాడు ఎవరైనా, ఈ కట్టడి మీరలేదు. రాత్రి ప్రయాణమును వీలైనంత తగ్గించినారు. పూర్తిగా విడువలేనివాడు హద్దు పెట్టుకొనవలెనని చెప్పేవారు. ఉపాసకదశాంగములోని ఆనంద శ్రావకుడు మహావీర స్వామి ఎదుట వ్రతము పట్టినప్పుడు దూరప్రయాణమునకు ఐదువందల బండ్లు, ఇంటి మోతకు ఐదువందల బండ్లు అని హద్దు వేసుకొన్నాడట. వేయి బండ్లవానికి హద్దు ఉన్నప్పుడు ఒక్క బండివానికి ఉండవద్దా అని ఆయన మాట.

1984 జనవరిలో నాయనగారికి పక్షవాతము వచ్చి మాట పడిపోయినది. అప్పుడు నేను పిల్లవాడను. లారీని నడిపించేవారు లేక కొట్టములో నిలిపివేసినారు. డ్రైవరు వేరే చోటికి వెళ్లిపోయినాడు. కొన్ని సంవత్సరములకు నాయనగారు కాలముచేసినారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. ఊరు మారిపోయినది, వ్యాపారము మారిపోయినది, లారీ మాత్రము కదలలేదు.

2022లో దానిని బాగుచేయవలెనని నాకు బుద్ధి పుట్టినది. తమ్ముడు ఒప్పుకోలేదు. "అన్నా, గుజిరీవానికి తూకానికి వేసేద్దాము. కొయ్య మార్చి, టైర్లు మార్చి, పంపు మార్చినాక అందులో నాయనది ఏముంటాది? ఇది మోహము గాక ఇంకేమి?" అన్నాడు. మాట గట్టిదే. వస్తువు పరిగ్రహము కాదు, వస్తువుమీది మూర్ఛయే పరిగ్రహమని ఉమాస్వాతి వాచకులు తత్త్వార్థసూత్రములో నిర్ణయించినారు. ఆ లెక్కన వేయి బండ్ల ఆనందుడు తప్పించుకొనవచ్చును, త్రుప్పుపట్టిన ఒక్క లారీతో నేను పట్టుబడవచ్చును. అయినా కన్నతండ్రి కష్టార్జితము, కండ్లయెదుట కరిగిపోవుచుంటే చూడలేకపోతినని నాకు నేను సమాధానము చెప్పుకొని పని మొదలుపెట్టినాను.

మొదటి పని ప్రాణులను తప్పించుట. సీటు దూదిలో ఉడుత పిల్లలు పెట్టినది. అవి పెరిగి వెళ్లిపోవువరకు ఆగినాము. మట్టి గూళ్లు, చీమల పుట్టలు చూచి చూచి కదిలించినాము. చాతుర్మాసములో పని పూర్తిగా నిలిపినాము. ఆ తరువాత ముసలి మేస్త్రి ఒకాయనను పిలిపించినాను. ఇంజను ఆరు సిలిండర్లది, నలుబది ఏండ్లకు బిగిసిపోయి ఉన్నది. ఆయన తొందరపడలేదు. నాజిల్ రంధ్రములలో డీజిలు, ఇంజనాయిలు కలిపి పోసి తొమ్మిది దినములు నానబెట్టినాడు. పదవనాడు ఫ్లైవీలుకు కడ్డీ పెట్టి వెంట్రుకవాసి ఇటు, వెంట్రుకవాసి అటు కదిపినాడు. బలవంతము చేస్తే రింగులు విరుగుతాయి సేటూ అన్నాడు. మూడవ వారమునకు ఇంజను ఒక చుట్టు తిరిగినది.

త్రుప్పు సంగతి ఆయనవద్దనే నేర్చుకొన్నాను. ఇనుమునకు తడి, గాలి రెండును తగిలితే త్రుప్పు పుట్టును. పుట్టిన త్రుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును. అందుకే పైరంగు బొబ్బలెక్కి ఊడును. రెండు రేకులు కలిసిన చోట లోపల పుట్టితే ఆ రేకులనే విడదీయును. మా చట్రములో ఒకచోట అట్లే రివిట్లు కూడ సాగినవి. నేను తొందరపడి, పైన గీకి రంగు వేయిద్దామన్నాను. మేస్త్రి తల అడ్డముగా ఊపి, "పైన రంగు కొట్టితే అది లోపల తింటానే ఉంటాది సేటూ. తెల్ల ఇనుము కనిపించేదాకా గీకల్ల. అప్పుడు రెడ్డాక్సైడు, ఆపైన రంగు" అన్నాడు. ఆ మాట అప్పుడు ఇనుమును గురించే అనుకొన్నాను.

2023లో డ్రైవరు గది కొయ్య విప్పునప్పుడు సీటు క్రింద రేకుపెట్టె ఒకటి దొరికినది. అందులో మైనపుగుడ్డ చుట్టిన ట్రిప్పు పుస్తకము. ఆ అక్షరములు నాయనగారివి. ఆఖరు పుటలలో డ్రైవరు పేర జమ ఖాతా ఒకటి ఉన్నది. 1968 జనవరి మొదలు 1983 డిసెంబరు వరకు అతని జీతములో నెలకు పదిహేను రూపాయలు నిలిపి జమ వ్రాసినారు. 192 నెలలు, మొత్తము 2,880 రూపాయలు. చెల్లు పద్దు ఒక్కటి లేదు. ఇంటికి తెచ్చి ఆ సంవత్సరముల చిట్టా, ఆవర్జాలు అన్నియు తిరగవేసినాను. ఎక్కడను చెల్లు కనబడలేదు.

ఆ డ్రైవరును మేము మామా అని పిలిచేవారము. నన్ను తన ప్రక్క కూర్చుండబెట్టుకొని బంగారుపేట వరకు తీసుకుపోయినవాడు. ఆయన 2009లోనే పోయినాడని నాకు తెలుసును. శవయాత్రకు వెళ్లి పూలమాల వేసి వచ్చినాను కూడ.

ఇక నా మనసు ఏ విధముగా నడిచినదో దాచకుండ వ్రాసెదను, ఏలన ఈ వ్యాసమునకు ప్రయోజనము అదియే. మొదట తట్టినది చట్టము. 1963 నాటి కాలపరిమితి చట్టము ప్రకారము సాధారణమైన బాకీకి మూడేండ్లు దాటితే దావా నిలువదు. మన భాషలో కాలదోషము పట్టిన బాకీ. రెండవది, అడిగినవారు లేరు. మూడవది, నాయనగారు నోటితో ఇచ్చియుండవచ్చును, వ్రాయుట మరచియుండవచ్చును. ఒక్కొక్కటి ఒక్కొక్క నయమువలె కనబడినది. మనది అనేకాంతవాదము గదా, ఒకే సంగతిని పలు వైపులనుండి చూడవచ్చును గదా అని కూడ అనుకొన్నాను. తరువాత సిగ్గువేసినది. అనేకాంతము ఎదుటివాని వైపునుండి చూచుటకు చెప్పినది. నేను చూచిన వైపులన్నియు నావే. ఒక్కటైనా డ్రైవరు ఇంటి వాకిటనుండి చూచినది కాదు. పైపెచ్చు ఆ ఖాతా నాకు వ్యతిరేకముగా కాక అనుకూలముగా ఉండియుంటే, చెల్లు వ్రాయలేదు గనుక బాకీ ఉన్నట్లేనని నేనే వాదించియుందును.

లెక్క దగ్గర ఇంకొక పరీక్ష. అసలు 2,880 ఇచ్చివేసిన చాలునా? 1983లో పది గ్రాముల బంగారము సుమారు 1,800 రూపాయలు. ఆ లెక్కన అది పదహారు గ్రాములు, అనగా రెండు సవరములు. బంగారు గనుల ఊరిలో ఈ కొలత అందరికి అర్థమగును. తరువాతి కాలములో రెండు సవరముల ధర లక్ష దాటినది. నూటికి పండ్రెండు చొప్పున బారువడ్డీ కట్టితే నలుబది ఏండ్లకు అసలుతో కలిపి 16,704 రూపాయలు. అదే చక్రవడ్డీ అయితే సుమారు 2,68,000. ఈ మూడు అంకెలు కాగితముమీద వేసికొని చూచినప్పుడు నా కన్ను తనంతట తాను నడిమి అంకెమీద, 16,704 మీద పోయి నిలిచినది. మనకు రావలసినదానికి చక్రవడ్డీ, మనము ఇవ్వవలసినదానికి బారువడ్డీ! ముప్పది ఏండ్లకు పైగా అంగడిలో కూర్చున్న నా కన్నుకు అలవాటైన త్రోవ అది. మా ఆవర్జాలో ఇతరుల బాకీలకు ఏ వడ్డీ కట్టినామో అదే కట్టవలెనని నిశ్చయించుకొన్నాను. అది చక్రవడ్డీ.

తమ్మునితో చెప్పినాను. వాడు చాలసేపు మాట్లాడలేదు. చివరకు, "రంగుకు, కొయ్యకు పెట్టుకొన్న డబ్బు ఉన్నది గదా అన్నా, తక్కువపడింది నేను వేస్తాను" అన్నాడు. లారీని తూకానికి వేయమన్నవాడే ఆ మాట అన్నాడు.

ఆ యేటి సంవత్సరి దాటి పది దినములైనది. ప్రతి సంవత్సరము ఆనాడు ఊరూర బంధువులకు, వ్యాపారస్థులకు మిచ్ఛామి దుక్కడం అని కార్డులు వ్రాయుట నా అలవాటు. అన్ని సంవత్సరములలో ఒక్క కార్డు డ్రైవరు ఇంటికి పోలేదు. ఈసారి కార్డు వ్రాయక నేనే, తమ్ముని వెంటబెట్టుకొని, పుస్తకము చేతబట్టుకొని వెళ్లినాను. ఆమె చాంపియన్ రీఫ్ వైపు లైను ఇంటిలో కుమారునితో ఉన్నది. కుమారుడు రోజూ తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పోయి రాత్రికి వచ్చే వేలమందిలో ఒకడు.

పుస్తకము చూపినాను. ఆమెకు చదువు రాదు, అయినా పుటలను చేతితో తడవి చూచినది. "తెలుసు నాయినా. పాప పెండ్లికి ఒక్కసారిగా ఇస్తానని పెద్దాయన చెప్పినాడు. మాఘమాసములో పెండ్లి అనుకొన్నాము. ఆ నెలకు ముందే ఆయనకు అట్లయిపోయింది. నోరు లేని మనిషిని ఏమని అడిగేది? మీ అమ్మ ఏడుస్తా ఉంటే ఏమని అడిగేది?" అన్నది. మరి పెండ్లి ఎట్లు చేసినారని అడిగినాను. గాజులు కుదువబెట్టినామని చెప్పినది. అవి విడిపించుకొన్నారో లేదో నేను అడుగలేకపోతిని.

మేము దుఃఖములో ఉంటిమని వారు అడుగలేదు. వారు అడుగలేదని మేము మరచినాము. వారి మర్యాద మాకు లాభమైనది. అదత్తాదానము అనగా దొంగతనము మాత్రమే అని నేను అనుకొనేవాడను. ఇతరుల మొగమాటమువలన మన పెట్టెలో మిగిలిపోయినది కూడ ఇవ్వనిది తీసికొనుటయే. నేను లారీ ఎదుట నిలిచి అపరిగ్రహమును గురించి తర్కించుచుంటిని. నా యెదుట ఉన్న ప్రశ్న అస్తేయ వ్రతమునకు సంబంధించినది. నాయనగారు మోసము తలపెట్టలేదు. ఆయన కూడబెట్టిన ధనమునకు నేను వారసుడనైనాను, ఆయన మాటకు కాలేదు. తప్పు నాది.

డబ్బు మొదట వద్దన్నది. దానము కాదు, మామ జీతమే అని చెప్పిన పిమ్మట తీసికొన్నది. లారీ కావలెనా అని కుమారుని అడిగితే నవ్వి, "నిలిపే చోటు మాకెక్కడిది సేటూ" అన్నాడు. ఇంటికి వచ్చి ఆ ఖాతాలో నలుబది ఏండ్ల ఆలస్యముగా చెల్లు వ్రాసినాను. వ్రాసినంత మాత్రమున తీరినదని చెప్పలేను. 1984 మాఘమాసములో ఆ ఇంటికి కావలసిన రూపాయిని ఏ వడ్డీయు నేడు తెచ్చి ఇయ్యలేదు. ఈ సంగతి అచ్చులో చెప్పుకొనుటలో నా గొప్ప కొంత దాగియున్నదేమో, అదియు ఒక మూర్ఛయే. చదువరులలో ఒక్కరైనా తమ ఇంటి పాత పుస్తకములు తెరువగలరని ఆశించి వ్రాసినాను.

నా మనవి ఒక్కటే. దీపావళికి క్రొత్త పుస్తకములు పూజలో పెట్టుటకు ముందు పాతవి ఒకసారి తిరగవేయండి. రావలసిన పద్దులను మనము మరువము. గుమాస్తా, డ్రైవరు, హమాలీ, ఇంటి పనిమనిషి పేర నిలిచిపోయిన జమలను చూడండి. చట్టము మూడేండ్లకు విడిచిపెట్టును. కర్మకు కాలదోషము లేదు.

లారీ సంగతి అడిగెదరేమో. డబ్బు అటు పోయినది గనుక రంగు వేయలేదు. ఇప్పటికిని రెడ్డాక్సైడు పూతతోనే కొట్టములో ఉన్నది. రోడ్డుమీదికి తీసికొనిపోవుటకు కాగితములు లేవు. నెలకొకసారి ఇంజను వేసి, ఐదు నిమిషములు నడిపి ఆపుచున్నాము. తమ్ముడు మొన్న మరల అడిగినాడు, అందులో నాయనది ఏముంటాదని. కొయ్య మారినది, టైర్లు మారినవి, పంపు మారినది. మారక మిగిలినది ఆ బాకీ ఒక్కటే యుండెను, అదియు ఇచ్చివేసినాము అని చెప్పినాను. ఇక తూకానికి వేయవలసివచ్చినా నాకు బాధ లేదు.