వ్యసన నివారణము - యంత్ర సాధనము

మానవుని వ్యసనమునుండి మరలించు శక్తి యంత్రమునకు గలదా? యువకులున్న ప్రతి గృహమును ఆలోచింపవలసిన ప్రశ్న యిది. కొండలలో చాటుగా పెంచిన గంజాయి తోటలను డ్రోన్లు వెదకి పట్టుచున్నవి. త్రాగి వాహనము నడుపువానిని, అతని శ్వాసను పరీక్షించు చిన్న పరికరము పట్టియిచ్చుచున్నది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము మాదకద్రవ్యముల నిరోధమునకై ‘ఈగల్’ అను ప్రత్యేక విభాగమును నెలకొల్పినది. ఇవన్నియు అవసరములే. దారిన పోవు నిర్దోషి ప్రాణము నిలుచుట అల్పమైన మేలు కాదు. అయినను, ఇవి విషమును యువకునికి దూరము చేయును గాని, విషముపై గల కోరికను తొలగింపజాలవు.

ఈ భేదము నూజివీడు మామిడి రైతుకు చక్కగా తెలియును. కోసిన కాయల నడుమ కార్బైడు పొట్లముంచిన, తోలు పసుపుబారును; లోని కండ పుల్లగనే యుండవచ్చును. అందుకే గాక, ఆరోగ్యమునకు హానికరమగుటచేత కూడ ఆ పద్ధతి నిషిద్ధమైనది. ముదిరిన కాయను వరిగడ్డిలో మాగవేసినచో అది లోపలినుండియే పండును. కేవలము భయముచే మానిన యువకుడు కార్బైడు పండు వంటివాడు. కావలి తొలగిన నాడు అతనిని నిలుపునది ఏది?

తెలుగునేల చరిత్రయందే దీనికి సమాధానము గలదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులకు వచ్చిన స్త్రీలు ‘సీతమ్మ కథ’ అను పాఠము చదివిరి. సారాయివలన చితికిన సంసారపు కథ అది. అందులో తమ బ్రతుకే కనిపింపగా, 1992లో వర్ధినేని రోశమ్మ మొదలగువారు సారాయిపై ఉద్యమించిరి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతట సారాయి నిషేధింపబడినది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలినది. చట్టము వచ్చును, పోవును. కాని ఆ వాచకము ఎవరినీ పట్టియిచ్చుటకు పుట్టినది కాదు. బాధితుల చేతికి వచ్చి వారి కన్నులు తెరిపించినది.

నేటి సెల్‌ఫోనును అట్టి వాచకము కాగలదు. 2008లో నూజివీడున వెలసిన ట్రిపుల్ ఐటీకి పదవ తరగతి ముగిసిన పల్లె బిడ్డలు వచ్చి, ఇంటికి దూరముగా నివసింతురు. అట్టి వయస్సు పిల్లల ఫోనును తండ్రి రహస్యముగా గాలించిన, ఒక తప్పు బయటపడవచ్చును. నమ్మకము మాత్రము పోవును. అదే ఫోనునుండి వ్యసన విముక్తికై 14446కు గాని, 2022 అక్టోబరు 10న ప్రారంభమైన ‘టెలీ మానస్’ 14416కు గాని బిడ్డ తానే మాటలాడవచ్చును. తండ్రికి చెప్పలేనిది, గురువుకు చెప్పలేనిది అక్కడ తెలుగులోనే చెప్పుకొనవచ్చును.

ఆపై మనిషి కావలెను. మద్యమునకు దేహము బాగుగా అలవడినవాడు హఠాత్తుగా మానినచో మూర్ఛలు వచ్చి ప్రాణాపాయము కలుగవచ్చును; వైద్యుని పర్యవేక్షణ తప్పదు. మరల జారిపడిన నాడు చేయి పట్టు ఇల్లు కావలెను. 12వ శతాబ్దమున కల్లు విక్రయించిన హెండద మారయ్యకును శరణుల నడుమ స్థానము దొరికినది. వ్యసనమును విడిపింపగోరువారు వ్యసనపరుని వెలివేయరాదు.

కావున ప్రతి కుటుంబమును, ప్రతి మఠమును ఈ సంఖ్యలను పిల్లలకు ముందుగనే తెలుపవలెను. సాయము కోరి వచ్చిన బిడ్డను నిందింపక ఆదరింపవలెను.