తెలియనివాడి పేరుమీద

దేవుడున్నాడో లేడో మనిషికి ఎప్పటికైనా తెలుస్తుందా? యూనివర్సిటీ హాస్టల్లో రాత్రుళ్లు ఈ ప్రశ్నమీద హాయిగా వాదించుకునేవాళ్లు. మా గూడెంలో దానికంత తీరిక లేదు. మా నాయనమ్మకు పోలేరమ్మ ఉంది, అంతే. ఆమె చిన్నప్పుడు మశూచి వస్తే అమ్మవారు పోసిందనేవాళ్లు. గుమ్మానికి వేపమండలు కట్టి, చద్ది నైవేద్యం పెట్టేవాళ్లు.

తర్వాత ఇంటింటికీ తిరిగి టీకాలేశారు. 1975 మే తర్వాత మనదేశంలో మశూచి కనపడలేదు. 1980లో అది భూమ్మీదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. రోగానికి కారణముంది, పరీక్షించొచ్చు, ఆపొచ్చు. ఇది మనిషికి తెలిసే సంగతి. "ఆ టీకా కనిపెట్టే బుద్ధి పుట్టించింది కూడా అమ్మేరా" అనేది నాయనమ్మ. ఈ మాటనెట్లా పరీక్షించాలి? రోగమొస్తే అమ్మ కోపం, పోతే అమ్మ దయ. ఏ సాక్ష్యానికీ ఓడని మాటను ఏ సాక్ష్యమూ గెలిపించలేదు. అందుకే ఉన్నాడనీ, లేడనీ నేను తేల్చి చెప్పలేను. ఎవరూ ఎప్పటికీ చెప్పలేకపోవచ్చు.

ఇంతవరకూ పండితులూ ఒప్పుకుంటారు. దేవుడు మాటకూ మనసుకూ అందడని వాళ్ల శాస్త్రాలే అంటాయి. మరి అందనివాడికి మా నీడ మైల అని వాళ్లకెట్లా తెలిసింది? మా ఊరి గుడి మెట్లకాడ మా నాయన్ని ఆపినవాళ్లకు ఏ సందేహమూ రాలేదు. 1930లో నాసిక్‌లో అంబేడ్కర్ నాయకత్వాన వేలమంది కాలారాం గుడికి పోతే, తలుపులు మూసినవాళ్లకూ రాలేదు. 1941లో జాషువా "గబ్బిలం" రాశాడు. గుడిలోకి గబ్బిలం పోవచ్చు, మనిషి పోరాదు. కనుక గోడు శివుడికి చెప్పమని ఆ పిట్టనే పంపాల్సి వచ్చింది.

నాస్తిక మిత్రులు "తెలియదంటే గోడమీద పిల్లివాటమే" అని నన్ను ఎగతాళి చేస్తారు. నేను ఒప్పుకోను. దేవుడి ఉనికే తెలియదన్నాక, ఆయన ఇష్టాలు తెలుసన్నవాడి కాళ్లకింద నేల ఉండదు. బళ్లో పిల్లలు "సార్, దేవుడున్నాడా?" అనడుగుతారు. "నాకు తెలియదు. నిన్ను బయట నిలబెట్టమని దేవుడు చెప్పాడనే వాణ్ణి మాత్రం, ఎప్పుడు చెప్పాడో, ఎవరు విన్నారో అడుగు" అంటాను.

రాజ్యాంగం 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది. ఆ పని చెయ్యడానికి దేవుడి సంగతి తేలేదాకా ఎవరూ ఆగలేదు.