పది నోళ్లు, ఒక్క సాక్ష్యం

ఒక మాటను పదిమంది చెబితే అది నిజమైపోతుందా? ఆ పదిమందీ ఒక్కరి దగ్గరే విని ఉంటే మన చేతిలో ఉన్నది ఒక్క సాక్ష్యమే. హదీసు విద్యార్థికి తెలిసిన ఈ సూత్రం వైద్య పరిశోధనలకూ వర్తిస్తుంది.

ఒకే మందుపై వేర్వేరు చోట్ల జరిగిన పరీక్షలను ఏరి, వాటి ఫలితాలను కలిపి లెక్కగట్టే పద్ధతిని మెటా అనాలిసిస్ అంటారు. దీని మేలు కాదనలేనిది. నెలలు నిండకుండానే కాన్పయ్యే ప్రమాదమున్న తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తే శిశువుకు మేలని చూపిన తొలి పరీక్ష 1972లో వెలువడింది. ఆ తరువాత జరిగిన చిన్న పరీక్షల్లో చాలావాటికి విడిగా ఏదీ తేల్చే బలం లేదు. 1989లో అన్నిటినీ కలిపి సమీక్షించినప్పుడు శిశుమరణాలు తగ్గుతున్నాయని స్పష్టమైంది. ఈ ఆలస్యం వల్ల మధ్యకాలంలో ఎందరో పసికందులకు ఆ మేలు అందలేదు.

ఈ లెక్కను గ్రాఫుగా గీస్తారు. ఒక్కో పరీక్షకు ఒక్కో అడ్డగీత, అడుగున మొత్తం ఫలితానికి డైమండ్ గుర్తు ఉంటాయి. చూసేవారి కన్ను పొడవైన గీత మీదికి పోతుంది. అదే బలమైన ఆధారమనుకుంటారు. నిజానికి గీత ఎంత పొడవుంటే ఆ ఫలితంలో సందిగ్ధం అంత ఎక్కువ. ఇక డైమండ్ చిన్నగా ఉంటే అనుమానానికి తావే లేదనిపిస్తుంది. కాని పై గీతల్లో ఒకటి కల్పితమైతే ఆ సంగతి గ్రాఫు చెప్పదు.

కరోనా కాలంలో అదే జరిగింది. ఐవర్‌మెక్టిన్ మరణాలను బాగా తగ్గిస్తుందని కొన్ని మెటా అనాలిసిస్‌లు చూపాయి. వాటికి బలమిచ్చిన ఈజిప్టు అధ్యయనంలో ఒకే రోగి వివరాలు మళ్లీ మళ్లీ కనిపించడం వంటి లోపాలు బయటపడగా, 2021 జూలైలో దాన్ని ఉపసంహరించారు. అనుమానాస్పద అధ్యయనాలను తీసివేసి మళ్లీ లెక్కిస్తే ఆ మేలు నిలబడలేదు. మన దేశంలో 2021 ఏప్రిల్ చికిత్సా మార్గదర్శకాల్లో చోటు పొందిన ఈ మందును సెప్టెంబరులో తొలగించారు. బ్రెజిల్‌లో 1,358 మందిపై జరిపిన పరీక్ష 2022లో వెలువడింది. ఆసుపత్రిలో చేరే అవసరాన్ని ఆ మందు తగ్గించలేదని అందులో తేలింది.

ముహద్దిసీన్ ఈ తేడాను ఎప్పుడో గుర్తించారు. ఉల్లేఖకుడి జ్ఞాపకశక్తి కొంత బలహీనమైతే, వేరే పరంపర ద్వారా వచ్చిన ఉల్లేఖనం దానికి బలం చేకూరుస్తుంది. ఉల్లేఖకుడు అబద్ధాలకోరైతే అలాంటి పరంపరలు ఎన్ని కూడినా బలం రాదు. క్రీ.శ. 1245లో మరణించిన ఇమామ్ ఇబ్నుస్సలాహ్ తన ముఖద్దిమాలో ఈ సంగతి వివరించారు. అబద్ధాలకోరులు దొరికారని ఆ పండితులు హదీసులన్నిటినీ తోసిపుచ్చలేదు. జల్లెడ పట్టారు. మెటా అనాలిసిస్ పట్ల కూడా మన వైఖరి అలాగే ఉండాలి.

మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది, విజయవాడలో పెద్దాసుపత్రి ఉంది. అయినా మందుల గురించిన గ్రాఫు డాక్టరు కంటే ముందే ఫోనులో మన ఇంటికి వచ్చేస్తుంది. దాన్ని బంధువులకు పంపేముందు మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఇందులో ఎన్ని పరీక్షలున్నాయి? అవి ఎవరు, ఎలా చేశారు? అనుమానమున్న వాటిని తీసేస్తే ఫలితం నిలుస్తుందా? జవాబులు తెలియకపోతే తెలిసిన వైద్యుణ్ణి అడగాలి.

తెలియనితనంతో ఎవరికైనా హాని చేసి తరువాత పశ్చాత్తాపపడే స్థితి రాకుండా, అందిన వార్తను విచారించుకోమని సూరె హుజురాత్ 6వ ఆయత్ హెచ్చరిస్తోంది. మనం పంపిన గ్రాఫును నమ్మి ఒక రోగి చికిత్స మానుకుంటే, 'నేను గీసింది కాదుగా' అన్న జవాబు సరిపోతుందా?