స్వప్నస్మృతి

తెల్లవారుజామున వచ్చిన కల నిజమగునని ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో పెద్దలు చెప్పుట కలదు. ఆ వేళ వచ్చిన కలయే ఎక్కువగా జ్ఞాపకముండుటయు అందరు నెఱిగినదే. ఈ రెంటికిని సంబంధము లేకపోలేదు. కలలు విరివిగా వచ్చు నిద్రాదశను 1953లో చికాగో విశ్వవిద్యాలయమునకు చెందిన అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అను శాస్త్రజ్ఞులు లోకమునకు వెల్లడించిరి. (ఆదోని తాలూకా బళ్లారి జిల్లానుండి విడివడి ఆంధ్రరాష్ట్రమున చేరినదియు ఆ యేడే.) మూసిన రెప్పల క్రింద కనుగ్రుడ్లు వడిగా కదలుచుండు ఆ దశ, రాత్రి గడచినకొలది దీర్ఘమగును. ఆ సమయమున లేపబడినవారు కలను స్పష్టముగా చెప్పగలరు. కొన్ని నిమిషములు గడచెనా, అది చాలవఱకు చెదరిపోవును. కావున వేకువకల మనస్సున నిలుచుటకు హేతువు దాని సత్యము కాదు, దాని వెన్నంటి వచ్చిన మెలకువ.

అయినను ప్రశ్న ఇంతటితో తీరదు. స్పష్టముగా గుర్తున్న కల మనుష్యుని ఏ మేరకు బంధించును? స్వామి కలలో కనిపించి గుడి కట్టుమన్నాడని ఒకడు ఊరిలో చందాలు వసూలుచేయ బయలుదేరుననుకొందము. ఆ కలకు అతడొక్కడే సాక్షి. కాదనుటకు ఎవరికిని ఆధారము లేదు, అవుననుటకును లేదు.

హరిహరుని ‘బసవరాజదేవర రగళె’లో ఇట్టి ఘట్టమే కలదు. కూడలసంగమమున పూజానిరతుడైయున్న బసవన్నకు సంగమేశ్వరుడు కలలో కనిపించి, బిజ్జలుడున్న మంగళవాడకు పొమ్మని ఆజ్ఞాపించెను. బసవన్న మేల్కాంచి మురిసిపోలేదు, దుఃఖించెను. సంగముని విడిచి బ్రదుకుటెట్లని విలపించెను. ఆ కల అతనికి అత్యంత ప్రియమైనదానినే విడువుమన్నది. తమిళమున శేక్కిళారు రచించిన పెరియపురాణమున పల్లవరాజు కల ప్రసిద్ధము. కంచిలో తాను కట్టించిన రాతి ఆలయమున ప్రతిష్ఠకు అంతయు సిద్ధమై యుండగా, శివుడు ఆ రాజు కలలోనికి వచ్చి, నిన్రవూరి పూసలారు కట్టిన గుడిలో రేపు ప్రవేశింపవలసియున్నది, నీ ముహూర్తమును మార్చుకొనుమనెను. రాజు నిన్రవూరికి పోయి చూడగా అచట గుడి లేదు. ఆ పేదవాడు దానిని మనస్సులోనే కట్టియుండెను. రాజు అతని పాదములకు మ్రొక్కెను.

ఈ రెండు కథలందును కల కన్నవాడే నష్టపడినాడు. ఒకడు సన్నిధిని వీడెను, మఱియొకడు గర్వమును వీడెను. చందాలవాని కల అట్లు కాదు. అది ఇతరుల సంచులు విప్పించుచు, అతనికి పెద్దఱికము కట్టబెట్టుచున్నది. కాయకముచే ఆర్జించినదానిని దాసోహము చేయుమన్న సంప్రదాయమున, కల పేర పరుల కాయకమును అడుగుట చెల్లదు. తన సంపాదనతో కట్టనిండు. అప్పుడు ఎవరికిని ఆక్షేపణ యుండదు.

దీనికి విపరీతమైన బాధయు నొకటి యున్నది. లింగపూజ చేయకయే భుజించినట్లో, ఇష్టలింగము జారిపడినట్లో కలగని, పగలంతయు కుమిలిపోవువారు కలరు. కొందఱు ప్రాయశ్చిత్తమేమని మఠమున అడుగుదురు. మేల్కాంచినప్పుడు లింగము కంఠముననే యున్నది గదా! చేయని పనికి దోషము లేదు. నిష్ఠగలవారికే నిష్ఠాభంగపు భయము. భయమునకు కల రూపమిచ్చినది, అంతే. అయితే పగటి వేళ కొట్టున తూకమున మోసము చేసినవాడు రాత్రి తక్కెడను కలగనెనేని, ఆ కలను అంత తేలికగా త్రోసివేయరాదు. అతడు దిద్దుకొనవలసినది కలను కాదు, తూకమును.

ఇంకొక చిక్కు. కలను చెప్పినకొలది అది మాఱును. తెగిన పోగులను నేతగాడు ముడివేసినట్లు, మెలకువగానున్న మనస్సు ఖాళీలను తనకు తోచినదానితో కలుపును. సాయంకాలమునాటికి ముడి యేదో పోగేదో తెలియదు. ఇందు అబద్ధమాడు నుద్దేశము ఉండనక్కఱలేదు. అందుచేతనే అది మఱింత ప్రమాదకరము.

అక్కమహాదేవి వచనములలో ఒకటి తాను కన్న కలను అక్కతో చెప్పుకొనుటయే. జడలు దాల్చిన జంగముడు భిక్షకై ఇంటికి వచ్చెను. ఆమె వెంటబడి అతని చేయి పట్టెను. చెన్నమల్లికార్జునుని చూచి కన్నులు తెఱచెను. ఆ కల ఎవరిని ఏమియు అడుగలేదు, ఎవరికిని ఆజ్ఞ ఈయలేదు. ఎనిమిది వందల యేండ్ల తరువాత కూడ అది చెప్పబడుచునే యున్నది.