పుర్రె మూతలో సొంతం, పరాయి

తలకు దెబ్బ తగిలి మెదడు వాచినప్పుడు, ఒత్తిడి తగ్గించడానికి పుర్రెలో కొంత ఎముకను తీసేస్తారు. ఆ ఖాళీని తర్వాత పూడ్చడమే క్రేనియోప్లాస్టీ. ఎప్పుడు, దేనితో పూడ్చాలన్నది వైద్యానికి సంబంధించిన విషయమే. అయినా ఒంట్లో ఏది సొంతం, ఏది పరాయి అన్న ప్రశ్న దాని వెంటే వస్తుంది.

డచ్ శస్త్రవైద్యుడు యోబ్ వాన్ మీకెరెన్ మరణానంతరం 1668లో వెలువడిన గ్రంథంలో ఒక ఉదంతం ఉంది. ఒక రష్యన్ ప్రభువు పుర్రెలో పోయిన భాగానికి కుక్క ఎముక అతికించారు. గాయం మానింది. మనిషి తలలో జంతువు ఎముక కూడదని చర్చి అతన్ని వెలివేసింది. దాన్ని తీసెయ్యమని అతను వైద్యుణ్ని బతిమాలుకున్నాడు.

సొంత ఎముక సంగతి ఇందుకు తలకిందులు. తీసిన ముక్కను మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెడతారు, లేదా రోగి పొట్ట చర్మం కిందే దాస్తారు. ఫ్రీజర్‌లోంచి తీసిన ముక్కలో కణాలు బతికి ఉండవు. కొత్త ఎముక అల్లుకోవడానికి అది పందిరి మాత్రమే. కొందరిలో, ముఖ్యంగా పిల్లల్లో, శరీరమే దాన్ని కరిగించేస్తుంది. అప్పుడు టైటానియం, పీక్ అనే ప్లాస్టిక్, బోన్ సిమెంట్ వంటివాటిని ఆశ్రయించాల్సిందే. కాబట్టి సొంతమన్నది పుట్టుకను బట్టి కాదు, ఒంటికి ఇమడటాన్ని బట్టి తేలుతుందనుకోవడమే సబబు.

హిందువుల్లో కొందరికి నడినెత్తిన ఉందని నమ్మే బ్రహ్మరంధ్రం చెడుతుందేమోనని బెంగ ఉంటుంది. కానీ సాధారణంగా ఒక పక్క ఎముకే తీస్తారు. నడినెత్తి కింద పెద్ద సిర ఉంటుంది గనుక మధ్యరేఖకు రెండు సెంటీమీటర్ల దూరంలోనే కోత ఆపుతారు. దేహం ఆత్మ కాదనే వేదాంతికైతే ఈ బెంగే ఉండకూడదు, కానీ ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్నవాళ్లకు వేదాంతం ఎక్కుతుందా? అసలు అభ్యంతరం రావాల్సింది మరోచోట. మెదడు పైపొరకు మాటుగా వాడేవాటిలో ఆవు నుంచి తీసిన కొలాజెన్ పొరలూ ఉన్నాయి. ఆ సంగతి సంతకం తీసుకోకముందే చెప్పాలి.

ఇక సమయం. వాపు తగ్గి, ఇన్ఫెక్షన్ భయం పోయేదాకా ఆగడం పాత పద్ధతి. మూడు నెలల లోపే చేయడం ఇప్పుడు చాలాచోట్ల ఉంది. ఎక్కువ కాలం ఆగితే కొందరిలో చర్మం లోపలికి కుంగి, తలనొప్పి, కాళ్లూచేతుల నీరసం వస్తాయి. మూత వేశాక కొన్ని రోజుల్లోనే తేరుకునేవాళ్లూ ఉన్నారు. తొందరపడితే ఇన్ఫెక్షన్ భయం, ఆగితే ఈ కుంగుబాటు. రోగి తెలివిలో ఉంటే నిర్ణయం అతనిదే, లేకపోతే అతని ఇష్టం ఎరిగినవాళ్లు అతని తరఫున చెప్పాలి. వాళ్ల సొంత ఆచారాన్ని అతని మీద రుద్దే హక్కు మాత్రం వాళ్లకు లేదు.